అమ్మకి అటెండెంట్ కావాలి, ఇంటర్వ్యూ ఎవరు చెయ్యాలి?

ఇంట్లో పెద్దవాళ్ళని చూసుకోవడానికి మనిషిని పెట్టుకునేటప్పుడు, ఆ మనిషిని ఎవరు ఎంచుకోవాలి? ఈ ఎపిసోడ్‌లో ఇదే మాట్లాడుకుందాం.

నేను ఉండేది నానక్‌రామ్‌గూడలో. పొద్దున్న ఎనిమిదింటికి మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ దగ్గర చూడాలి. ఆఫీసులకి వెళ్ళేవాళ్ళు కిందకి, డ్యూటీకి వచ్చే అటెండెంట్లు పైకి. మాదీ అదే కథ. అమ్మకి పక్షవాతం వచ్చాక ఒక ఏజెన్సీకి ఫోన్ చేసి, ఆధార్, అనుభవం, జీతం అన్నీ నేనే మాట్లాడి ఒకావిడని కుదిర్చాను. అమ్మని మాత్రం ఒక్క మాట అడగలేదు.

పది రోజులకి చూస్తే అమ్మ మంచినీళ్ళు తాగడం తగ్గించేసింది. ఏంటమ్మా అంటే, "తాగితే బాత్రూంకి తీసుకెళ్ళమని అడగాలి కదరా, విసుక్కుంటుంది" అంది.

మా టీమ్‌లోకి ఒకరిని తీసుకోవాలంటే, కలిసి పనిచేసేవాళ్ళం కూర్చుని మూడు రౌండ్లు ఇంటర్వ్యూ చేస్తాం. అమ్మ ఒంటిమీద చెయ్యి వేసే మనిషిని మాత్రం ఫోన్లో తేల్చేశాను!

ఇదేం కొత్త ఆలోచన కాదండి. ఇంగ్లండ్‌లో 2003లో సోషల్ వర్క్ డిగ్రీ మొదలైనప్పుడే, విద్యార్థుల ఎంపికలో సేవలు పొందేవాళ్ళకీ, వాళ్ళని చూసుకునే కుటుంబాలకీ చోటుండాలని నియమం పెట్టారు. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నియామకాల గురించి కాకపోయినా, రాష్ట్ర అథారిటీలో ఆ జబ్బు అనుభవించినవాళ్ళ తరఫున ఇద్దరు, సంరక్షకుల తరఫున ఇద్దరు ఉండాలంటుంది. ఎవరి బతుకో వాళ్ళ మాట ఉండాలి, అంతే.

రెండోసారి మేం ఇలా చేశాం. పోలీస్ వెరిఫికేషన్, పాత ఇళ్ళవాళ్ళతో మాట్లాడటం నా పని. రాత్రిళ్ళు చూసుకునేది నా భార్య కాబట్టి, మంచం మీంచి కుర్చీలోకి ఎలా మారుస్తారో తను చేయించి చూసింది. అమ్మ ఒకే ప్రశ్న అడిగింది: "నేను అన్నం వద్దంటే ఏం చేస్తావమ్మా?"

మొదటావిడ నా వైపు తిరిగి, "ఎలాగైనా తినిపిస్తా సార్" అంది. రెండో అమ్మాయి అమ్మనే చూసి, "ఎందుకు వద్దో అడుగుతానమ్మా, కాసేపాగి మళ్ళీ పెడతా" అంది. అనుభవం తక్కువే. నాకు మొదటావిడే నయం అనిపించింది. కానీ అమ్మ వద్దంటే వద్దు అని ముందే అనుకున్నాం. అడిగి, చివరికి మనకి నచ్చినట్టే చేస్తే అడగడం ఎందుకు?

మాట్లాడలేనివాళ్ళయితే? ఒక పూట డబ్బులిచ్చి పని చేయించి చూడండి. చెయ్యి పట్టుకోగానే బిగుసుకుపోతున్నారా, తేలిగ్గా ఉన్నారా? అదీ జవాబే. మతిమరుపు ఉన్నవాళ్ళకీ ఇది కుదురుతుంది.

ఇప్పుడు అమ్మ పక్కన పెట్టిన నీళ్ళ బాటిల్ సాయంత్రానికి ఖాళీ అవుతోంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.