కేరట్, వన్నె, తూకం: రాజంపేట ప్రాంత ఆభరణాల నేపథ్యంలో బంగారు స్వచ్ఛత

వ్యాససంగ్రహం:
రాజంపేట ప్రాంతం నుంచి కువైట్ తదితర గల్ఫ్ దేశాలకు వలసలు సాగుతున్నందున, అక్కడ విరివిగా అమ్ముడయ్యే 21 కేరట్ల నగలు, ఇక్కడి 22 కేరట్ల నగలు ఒకే ఇంట చేరే వీలుంది. మార్పిడి వేళ వీటి భేదాన్ని ఎలా గుర్తించాలో, ఎలా లెక్కించాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: కేరట్, వన్నె, లోహమిశ్రమం, గీటురాయి, హాల్‌మార్క్.

1. వన్నె నుంచి కేరట్‌కు
మేలిమి బంగారాన్ని తెలుగువారు పదహారువన్నె బంగారమంటారు. కౌటిల్యుని అర్థశాస్త్రంలోనూ పదహారు వర్ణాల కొలమానం కనిపిస్తుంది. కేరట్ కూడా ఇటువంటి నిష్పత్తే. 24 భాగాల్లో బంగారం ఎన్ని భాగాలో అది తెలుపుతుంది. 22 కేరట్లంటే వెయ్యింట 916 పాళ్లు, 21 అంటే 875, 18 అంటే 750. నిష్పత్తి ప్రకారం 21 కేరట్లు పద్నాలుగు వన్నెలకు సమానం.

2. మిశ్రమం - రంగు
మేలిమి బంగారం మెత్తనిది. దానితో చేసిన నగ త్వరగా వంగుతుంది, అరుగుతుంది. అందువల్ల వెండి, రాగి కలుపుతారు. రాగి పెరిగితే ఎరుపుఛాయ, వెండి పెరిగితే లేతపసుపు వస్తాయి. రాగి ఎక్కువ కలిసిన 21 కేరట్ల గాజు, వెండి ఎక్కువ కలిసిన 22 కేరట్ల గాజుకన్నా నిండైన రంగుతో కనిపించవచ్చు. కనుక రంగు స్వచ్ఛతకు నమ్మదగిన సాక్ష్యం కాదు. ‘కె.డి.ఎం.’ అన్న మాట కూడా స్వచ్ఛతను తెలపదు. అది అతుకులకు వాడే కాడ్మియం టంకానికి సంబంధించింది. దాని పొగ స్వర్ణకారుల ఊపిరితిత్తులకు హానికరం.

3. పరీక్షాపద్ధతులు
గీటురాయిపై గీసిన గీతను ఆమ్లంతో పరీక్షించడం పాత పద్ధతి. దాని కచ్చితత్వం పరీక్షకుని అనుభవంపై ఆధారపడుతుంది. ఎక్స్‌రే యంత్రం నగను చెరపకుండా ఫలితమిస్తుంది, కానీ పైపొరను మాత్రమే చదువుతుంది. అత్యంత కచ్చితమైనది అగ్నిపరీక్ష. ఇందులో నమూనాకు వెండి చేర్చి, సీసపు రేకులో చుట్టి కొలిమిలో కరిగిస్తారు. రాగి వంటి లోహాలు సీసంతోపాటు మూసలోకి ఇంకిపోతాయి. మిగిలిన పూసలోని వెండిని నత్రికామ్లంలో కరిగించి, శేషించిన బంగారాన్ని తూస్తారు.

4. తూకంలో తేడా
40 గ్రాముల 21 కేరట్ల నగలో మేలిమి 35 గ్రాములు. అదే తూకపు 22 కేరట్ల నగలో 36.64 గ్రాములు. గల్ఫ్ నగను 20 కేరట్లుగా, అంటే వెయ్యింట 833 పాళ్లుగా లెక్కగడితే యజమాని 1.68 గ్రాముల మేలిమిని కోల్పోతారు. 22గా లెక్కగడితే 1.64 గ్రాముల నష్టం వ్యాపారిది.

5. హాల్‌మార్క్ రక్షణ
భారతీయ ప్రమాణాల సంస్థ హాల్‌మార్క్ 2021 జూన్ 23 నుంచి 256 జిల్లాల్లో తప్పనిసరి అయింది. సంస్థ చిహ్నం, స్వచ్ఛత, ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య నగపై ఉంటాయి. ఆ సంఖ్యను బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. ముద్ర చెప్పినదానికన్నా స్వచ్ఛత తగ్గితే, ఆ లోటు విలువకు రెట్టింపు మొత్తాన్నీ, పరీక్ష రుసుమునూ కొనుగోలుదారుకు చెల్లించాలని 2018 నిబంధనలు చెబుతున్నాయి. అయితే భారతీయ శ్రేణుల్లో 20, 22 ఉన్నాయిగాని 21 లేదు. గల్ఫ్ నగల విషయంలో ఈ ఖాళీయే అనిశ్చితికి కారణం.

ముగింపు
నగ విలువను నిర్ణయించేది తూకం ఒక్కటే కాదు, తూకాన్ని స్వచ్ఛతతో గుణించగా వచ్చే మేలిమి. 875 ముద్ర ఉన్న నగను మార్చేముందు గుర్తింపు పొందిన పరీక్షాకేంద్రంలో పరీక్షింపజేసి, కేరట్ల అంచనాతో గాక వెయ్యింట పాళ్లతో లెక్క కట్టించుకోవడం ఇరుపక్షాలకూ న్యాయం.