సిపాయికి ముందు ప్రైమర్, తర్వాతే ఎర్ర కోటు

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతుకుతుంటే బొటనవేలంత లోహపు సిపాయి దొరికాడు. ఇంటికి తెచ్చిన గంటలోనే ఎర్ర కోటు వేసేశా. మర్నాడు గోరు తగిలితే చాలు, కోటంతా పొరలా ఊడొచ్చింది! నున్నటి లోహాన్ని అక్రిలిక్ రంగు సరిగ్గా పట్టుకోదు మరి.

రెండోసారి తొందరపడలేదు. పాత బొమ్మల్లో సీసం ఉండొచ్చు. దాని పొడి పిల్లల మెదడుకు ముప్పు. మా అక్క కూతురేమో కనిపించిందల్లా నోట్లో పెట్టుకునే రకం! అందుకే మాస్క్ పెట్టుకుని, బొమ్మని తడిపి, అచ్చు గీతల్ని సన్న ఆకురాయితో రుద్దా. తడిగా ఉంటే పొడి లేవదు. పాత టూత్‌బ్రష్, సబ్బునీళ్లతో జిడ్డు వదిలించి ఆరబెట్టా. ఇక వేళ్లతో ముట్టుకోకూడదు, సీసా మూతకి అంటించి పట్టుకోవాలి.

మేడ మీదకెళ్లి, ప్రైమర్ స్ప్రే డబ్బాని బాగా ఊపి, జానెడు దూరం నుంచి పల్చగా రెండు పూతలు. దట్టంగా కొడితే కళ్లూ ముక్కూ పూడిపోతాయి. వానాకాలం తేమకి గరుకు తేలుతుంది. నాంపల్లిలో నుమాయిష్ నడిచే జనవరి పొడి గాలైతే బెస్ట్.

ఇప్పుడు గోరుతో గీకినా కోటు కదల్లేదు. సిపాయి మాత్రం పాప చేతికందని పై అరలోనే కాపలా.