హ్యాండిల్ ఎంత వెడల్పుండాలి?

హైదరాబాద్‌లో తాడ్‌బండ్ దాటి బోయిన్‌పల్లి మీదుగా నాగపూర్ హైవేలో ఉత్తరానికి తొక్కితే సుచిత్ర, కొంపల్లి, ఆ తర్వాత మేడ్చల్. అక్కడిదాకా అంతా తారు రోడ్డే. కూరగాయల మార్కెట్ యార్డులో సరుకు దింపి తిరిగిపోయే ట్రాలీ ఆటోలు, లారీలు, బస్సుల పక్కనుంచి సాగాలి. అవుటర్ రింగు రోడ్డు దాటి ఊళ్లవైపు మళ్లాక గానీ మొరం తగలదు. దక్కన్ గ్రానైటు యుగాలుగా ఎండకూ వానకూ పొడిబారి రాలిన ఎర్రటి గరుకు మన్ను అది. వానాకాలం పోయాక గట్టిగా, హాయిగా ఉంటుంది. ఎండాకాలం పైపొర వదులైపోతే ముందు చక్రం గోళీల మీద నడిచినట్టు జారుతుంది.

ఇలాంటి దారుల కోసమే గ్రావెల్ బైకు వచ్చింది. కొనేవాళ్లు గేర్లు అడుగుతారు, టైరు అడుగుతారు, ఫ్రేమ్ అల్యూమినియమా కార్బనా అని అడుగుతారు. హ్యాండిల్ వెడల్పు ఎంతని అడిగేవాళ్లు తక్కువ. బండితో వచ్చిందే వాడుకుంటారు. మెడనొప్పి, మణికట్ల తిమ్మిరి మొదలయ్యాక సీటును పైకీ కిందికీ జరుపుతారు. నిజానికి రెండు శతాబ్దాల సైకిల్ చరిత్రలో హ్యాండిల్ వెడల్పు పదేపదే మారుతూ వచ్చింది. ముందు చక్రం ఏ పని చేస్తుంది, మనిషి ఎలాంటి దారిలో వెళ్తాడు అన్నవే ప్రతిసారీ ఆ వెడల్పును తేల్చాయి.

1817 జూన్ 12న జర్మనీలోని మన్‌హైమ్ నుంచి కార్ల్ డ్రాయిస్ తన చెక్క బండి మీద బయల్దేరాడు. దానికి పెడళ్లు లేవు. కాళ్లతో నేలను తన్నుకుంటూ పోవాలి. ముంజేతులు ఆనించడానికి ఒక మెత్తటి పలక, చక్రం తిప్పడానికి విడిగా ఒక కర్ర ఉండేవి. ఒళ్లు మోసేదొకటి, దారి మళ్లించేదొకటి అన్నమాట. తర్వాత ఈ రెండు పనులూ ఒకే కడ్డీ మీద పడ్డాయి. నేటికీ హ్యాండిల్ ఈ జంట ఉద్యోగమే చేస్తోంది. దాని చిక్కులన్నీ అక్కడే పుట్టాయి.

1860లలో పారిస్‌లో మిషో వాళ్లు పెడళ్లను ముందు చక్రానికే బిగించారు. ఏ కాలు తొక్కితే ఆ కాలి దెబ్బకు చక్రం పక్కకు మళ్లబోయేది. ప్రతి తొక్కుకూ చేతులతో ఎదురు లాగి ఆపాలి. అందుకే గట్టి ఇనుప కడ్డీ, దాని కొసలకు చెక్క పిడులు. పిడులు మెలితిప్పితే తాడు బిగిసి వెనక చక్రానికి బ్రేకు పడేది. తర్వాత వచ్చిన ఎత్తు చక్రపు సైకిళ్లలో హ్యాండిల్ సరిగ్గా తొడల మీదికి వచ్చేది. రాయి తగిలి ముందుకు పల్టీ కొడితే కాళ్లు దానికిందే చిక్కుకునేవి. కాళ్లకు అడ్డం రాకుండా తొడల వెనకనుంచి చుట్టి వచ్చే వాటన్ హ్యాండిల్‌ను కూడా అప్పట్లో తయారుచేశారు. ప్రాణభయం ఒక వస్తువు ఆకారాన్ని ఇంత సూటిగా మార్చిన ఉదాహరణలు తక్కువే.

1885లో కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిల్‌తో తొక్కుడు బలాన్ని గొలుసు ద్వారా వెనక చక్రానికి పంపాడు. ముందు చక్రానికి తొక్కుడు పోటు తప్పింది, అది దారి చూపితే చాలు. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. అప్పటినుంచి హ్యాండిల్ వంశం రెండుగా చీలింది. రేసర్లు కొమ్ములను కిందికి వంచారు. 1903లో మొదటి టూర్ డి ఫ్రాన్స్ నాటికే వంగిన హ్యాండిళ్లు కనిపిస్తాయి, అదీ చాలావరకు మట్టి దారుల మీద. బరువు మోసే సైకిళ్ల హ్యాండిళ్లు మాత్రం వెడల్పుగా, మనవైపు తిరిగి ఉండిపోయాయి.

ఆ రెండో శాఖే మన ఊళ్లకు వచ్చింది. హెర్క్యులస్, అట్లాస్, హీరో రోడ్‌స్టర్లు. 28 అంగుళాల చక్రం, అంగుళన్నర టైరు. ఆ టైరు వెడల్పు ఇప్పటి కొలతల్లో దాదాపు 40 మిల్లీమీటర్లు. నేటి గ్రావెల్ బైకులకు ఎక్కువగా వేసే టైరు వెడల్పూ 40 మిల్లీమీటర్లే! తెలంగాణ మొరం బాటల మీద పాల క్యాన్లు, గడ్డిమోపులు, వెనక క్యారియర్ మీద మనిషి, ముందు కడ్డీ మీద పిల్లాడు ఇంత టైరు మీదే సాగారు. గ్రావెల్ రైడింగ్ విదేశాల నుంచి వచ్చిన కొత్త సరదా అంటే నేను ఒప్పుకోను. రోడ్‌స్టర్ తొక్కే మనిషి నిటారుగా కూర్చుంటాడు, బరువంతా సీటు మీదే. చేతుల మీద భారం లేదు కాబట్టి హ్యాండిల్ ఎంత వెడల్పున్నా భుజం నొప్పి రాదు. గ్రావెల్ బైకు మీద ఒళ్లు ముందుకు వంగుతుంది, చేతులు బరువు మోస్తాయి. అక్కడ రెండు సెంటీమీటర్ల తేడా కూడా భుజానికి తెలుస్తుంది.

వంగిన హ్యాండిల్‌ను గతుకుల దారికి మలిచినవారిలో కాలిఫోర్నియా మరిన్ కౌంటీకి చెందిన చార్లీ కన్నింగ్‌హామ్ ముఖ్యుడు. కిందికి వంగిన ఈ డ్రాప్ కొమ్ములు బయటికి విచ్చుకుంటే కొండదారుల్లో పట్టు బాగుంటుందని ఆయన చూపించాడు. 1990లో జాన్ టోమాక్ మౌంటెన్ బైకు రేసుల్లోనే డ్రాప్ హ్యాండిల్‌తో దిగాడు. 2006లో కాన్సస్‌లోని ఎంపోరియాలో, ఇప్పుడు అన్‌బౌండ్ అని పిలుస్తున్న 200 మైళ్ల రేసు మొదలైంది. ఆ తరహా రేసులతో పాటు విచ్చుకున్న కొమ్ములు కూడా ప్రపంచమంతా పాకాయి.

ఇక లెక్క చూద్దాం. 40 సెంటీమీటర్ల హ్యాండిల్‌లో చెయ్యి మధ్యగీతకు 20 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, 46లో 23. పదిహేను శాతం ఎక్కువ పట్టు దొరుకుతుందని అనిపిస్తుంది. కానీ మనం ఎక్కువసేపు పట్టుకునేది బ్రేకు లీవర్ల మీది రబ్బరు గుబ్బలను, అంటే హుడ్స్‌ను. అవి స్టీరింగ్ ఇరుసుకు ముందుంటాయి. హ్యాండిల్‌ను ఇరుసుకు కలిపే ముక్క, అంటే స్టెమ్ 9, హ్యాండిల్ ముందుకు సాగిన దూరం 8 అనుకుంటే మొత్తం 17 సెంటీమీటర్లు. దీన్ని కూడా కలిపి చూస్తే ఇరుసు నుంచి చేతి దూరం 26.2 నుంచి 28.6కు పెరుగుతుంది. పెరిగిన పట్టు తొమ్మిది శాతమే. పనికిరాదని కాదు. వదులు మొరంలో రాయి చక్రాన్ని పక్కకు నెడితే చేతికి తగిలే పోటు ఆ మేరకు తగ్గుతుంది. అయితే ఆ తొమ్మిది శాతం కోసం రోజంతా భుజాలు చాపి ఉంచడం మంచి బేరం కాదు.

కొమ్ముల విచ్చు ఇక్కడే ఆదుకుంటుంది. డ్రాప్ లోతు 12 సెంటీమీటర్లు, విచ్చు 16 డిగ్రీలు ఉంటే కింది కొస పైభాగం కన్నా ఒక్కో వైపు 3.4 సెంటీమీటర్లు బయటికి పోతుంది. పైన 42 ఉన్న హ్యాండిల్ కింద దాదాపు 49. తారు మీద హుడ్స్ పట్టుకుని భుజాల వెడల్పులో తొక్కవచ్చు, మొరం దిగుడులో కిందికి పట్టుకుంటే వెడల్పైన హ్యాండిల్ దొరికినట్టే. గాలి లెక్క కూడా ఉంది. వేగం 20 నుంచి 30 కిలోమీటర్లకు పెరిగితే గాలిని చీల్చడానికి కావలసిన శక్తి మూడు రెట్లు దాటుతుంది. మేడ్చల్ దాకా ఎదురుగాలిలో చేతులు చాచుకుని తొక్కినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఇరుకు హ్యాండిల్‌తో ఛాతీ బిగిసి ఊపిరి ఆడదన్న పాత నమ్మకాన్ని మాత్రం వదిలేయవచ్చు. 1993 జులైలో స్కాట్లండ్‌కు చెందిన గ్రేమ్ ఓబ్రీ చేతులను ఛాతీ కిందికి ముడుచుకుని గంటలో 51.596 కిలోమీటర్లు తొక్కి ప్రపంచ రికార్డు సాధించాడు. రేసర్లు హ్యాండిళ్లను మరీ కుదించేస్తుంటే అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం 2023లో బయటి అంచుల మధ్య కనీసం 35 సెంటీమీటర్లని, 2026 నుంచి రోడ్డు రేసులకు 40 అని నియమం పెట్టింది. చిన్న భుజాలున్న మహిళా రేసర్ల నుంచి దీనికి అభ్యంతరాలు వచ్చాయి. వాళ్ల మాటే న్యాయమని నాకనిపిస్తుంది. అందరి ఒంటికీ ఒకే అంకె కుదరదు.

కాబట్టి ముందు భుజం కొలవండి. నిటారుగా నిలబడితే భుజాల పైన కొసల్లో చేతికి తగిలే ఎముకల మధ్య దూరాన్ని టేపుతో ఎవరిచేతనైనా కొలిపించుకోవాలి. అది 38 వస్తే హుడ్స్ దగ్గర 40, మొరం ఎక్కువగా తొక్కేవారికి 42. బోయిన్‌పల్లి నుంచి బయల్దేరేవారికి తారు వాటా ఎక్కువ కాబట్టి నేను చిన్న అంకె వైపే మొగ్గుతాను, వెడల్పును కింది విచ్చులో వెతుక్కోమంటాను. కొనేటప్పుడు ఆ అంకె ఎక్కడ కొలిచిందో తప్పక అడగండి. కొన్ని కంపెనీలు గొట్టం మధ్య నుంచి మధ్యకు, కొన్ని అంచు నుంచి అంచుకు కొలుస్తాయి. లీవర్ బిగించే చోట గొట్టం లావు 23.8 మిల్లీమీటర్లు, అంటే ఒకరి 42 ఇంకొకరికి 44 అవుతుంది. కొందరైతే హుడ్స్ దగ్గర కాక కింది కొసల దగ్గర కొలిచి చెబుతారు.

వెడల్పు పెంచితే చేతులు చాపాలి, దాంతో ఒళ్లు ఇంకా ముందుకు వంగుతుంది. అప్పుడు స్టెమ్‌ను ఒక సెంటీమీటరు తగ్గించి చూడాలి. బ్రేకు కేబుళ్లు ఆ వెడల్పుకు సరిపోతాయో లేదో హ్యాండిల్‌కు పట్టు టేపు చుట్టకముందే చూసుకోవాలి. మౌంటెన్ బైకు తిన్నని హ్యాండిల్ ఎక్కువైతే రెండు కొసలూ రంపంతో కోసుకోవచ్చు. డ్రాప్ హ్యాండిల్‌కు ఆ వెసులుబాటు లేదు, కోసినా హుడ్స్ ఉన్నచోటే ఉంటాయి. కొనేముందే స్నేహితుడి బైకు మీదో, షాపువాళ్లు ఇచ్చే పాత హ్యాండిల్‌తోనో నిజమైన మొరం మీద ఒక పూట తొక్కి చూడటం మేలు.