దమ్మామ్ ఎండ, సీమాస్ గేటు

మా దమ్మామ్‌లో జూలై మధ్యాహ్నాలు 45 డిగ్రీలు తాకడం మామూలే. సర్వర్ గదిలో ఏసీ ఆగితే, నిన్నటి ప్రోగ్రామే ఇవాళ నత్తనడక నడుస్తుంది. ఎందుకంటారా?

సీమాస్ గేటు అవుట్‌పుట్ దగ్గరుండే కెపాసిటెన్స్‌ని కుండ అనుకోండి. వోల్టేజి అందులో నీటిమట్టం. కుండ తగినంత నిండేదాకా తరవాతి గేటుకి కబురందదు, అదే డిలే. నింపి పారబోసిన ప్రతిసారీ అయ్యే ఖర్చు వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. 1.2 వోల్టులని 0.9కి దించితే దాదాపు 44 శాతం ఆదా! కానీ థ్రెషోల్డ్ వోల్టేజికి దగ్గరైనకొద్దీ ధార సన్నబడి డిలే పెరుగుతుంది.

అందుకే వేడెక్కిన ప్రాసెసర్ ముందు క్లాకు తగ్గించి, తరవాతే వోల్టేజి దించుతుంది. తారుమారైతే గేట్లు గడువులోగా జవాబివ్వలేక లెక్కలే తప్పుతాయి.

ఈసారి సర్వర్ నెమ్మదించిందని ఫోనొస్తే, కోడ్ తెరిచేముందు చిప్ ఉష్ణోగ్రత చూడండి.