తలకిందుల అక్షరాలు

ఆశాపూర్ణా దేవి 1909లో కలకత్తాలో పుట్టింది. వాళ్లది ఉమ్మడి కుటుంబం. ఇంట్లో నాయనమ్మ మాటే మాట. ఆడపిల్లలు బడికి పోకూడదని ఆమె కట్టడి చేసింది. మగపిల్లలకు మాత్రం చదువు చెప్పించారు.

అన్నదమ్ములు పుస్తకం ముందు పెట్టుకుని గట్టిగా చదివేవారు. చిన్నారి ఆశ ఎదురుగా కూర్చుని చూసేది. అటువైపు నుంచి చూస్తే అక్షరాలు ఎలా కనిపిస్తాయి? తలకిందులుగా! అలాగే నేర్చుకుంది. తర్వాత తిన్నగా చదవడం అలవాటు చేసుకుంది.

తల్లి సరళాసుందరికి పుస్తకాలంటే ప్రాణం. కొన్నాళ్లకు వాళ్లు వేరే ఇంటికి మారారు. అక్కడ నాయనమ్మ కట్టడి లేదు. తల్లీ కూతుళ్లు దొరికిన పుస్తకమల్లా చదివారు.

1922లో ఆశాపూర్ణకు పదమూడేళ్లు. ఎవరికీ చెప్పకుండా ఒక కవిత రాసి 'శిశుసాథి' అనే పిల్లల పత్రికకు పంపింది. వాళ్లు అచ్చు వేశారు. ఇంకా రాయమని అడిగారు కూడా!

పదిహేనో ఏట పెళ్లయింది. వంట, పిల్లలు, అత్తవారింటి పనులు, అన్నీ ఆమే చూసుకునేది. పనులన్నీ తీరాక కలం పట్టేది. అలా నూటికి పైగా నవలలు, వెయ్యికి పైగా కథలు రాసింది. అన్నీ బెంగాలీలోనే. ఆమెకు ఇంగ్లీషు రాదు.

ఏం రాసింది? నాలుగు గోడల మధ్య ఆడవాళ్లు పడే బాధలు రాసింది. 1964లో వచ్చిన 'ప్రథమ ప్రతిశ్రుతి' నవలలో సత్యవతి అనే అమ్మాయి ఉంది. ఎనిమిదేళ్లకే ఆమెకు పెళ్లి చేశారు. దొంగచాటుగా అక్షరాలు నేర్చుకుంది. తన కూతురు సువర్ణ బాగా చదవాలని ఆశపడింది. కానీ తల్లికి తెలియకుండా తొమ్మిదేళ్ల సువర్ణకు పెళ్లి చేసేశారు. సత్యవతి ఆ అన్యాయం ఒప్పుకోలేదు. ఇల్లు విడిచి వెళ్లిపోయింది.

సువర్ణ కథ 'సువర్ణలత' నవల. సువర్ణ కూతురు బకుల్ కథ 'బకుల్ కథ'. అమ్మమ్మ చాటుగా అక్షరాలు దిద్దుకుంది. మనవరాలు రచయిత్రి అయింది! ఒక్క తరంలో కాలేదు, మూడు తరాలు పట్టింది.

1976లో ఆశాపూర్ణా దేవికి జ్ఞానపీఠ్ బహుమతి వచ్చింది. మన దేశంలో రచయితలకు ఇచ్చే చాలా పెద్ద బహుమతి అది. దాన్ని అందుకున్న మొదటి మహిళ ఆమే. 1995లో ఆమె చనిపోయింది.

బడి గడప తొక్కని మనిషి పుస్తకాలు ఈనాడు కాలేజీల్లో చదువుతున్నారు. తన ఇంట్లో, పక్కింట్లో చూసిందే ఆమె రాసింది.

ఆలోచించండి: మీ అమ్మ, అమ్మమ్మ పడ్డ కష్టసుఖాలు మీకు తెలుసు కదా. వాటిని ఎవరు రాస్తారు? ఇప్పుడు మీకూ అక్షరాలు వచ్చు.