పగడపు తొట్టిలో దొంగ పురుగు

ఇంట్లో ఎవరి తలలోనైనా పేలు పడితే అమ్మ ఏం చేస్తుందో మీరు చూసే వుంటారు. ముందు ఈరుపెనతో దువ్వి పేలను రాలుస్తుంది. అంతటితో వదిలిపెట్టదు. జుట్టును పాయలు పాయలుగా విడదీసి, వెంట్రుకలకు అంటుకుని వున్న ఈళ్ళను ఒక్కొక్కటిగా లాగేస్తుంది. ఈరు అంటే పేను పెట్టిన గుడ్డు. వారం పది రోజుల్లో అది పగిలి పిల్లపేను బయటికి వస్తుంది. పేలన్నీ చచ్చినా నాలుగు ఈళ్ళు మిగిలితే చాలు, నెల తిరిగేసరికి కథ మళ్ళీ మొదటికి వస్తుంది.

ఈ సంగతి మనసులో పెట్టుకోండి. ఇప్పుడు మనం చెప్పుకోబోయేది సముద్రపు పగడాల గురించే అయినా, చివరికి ఈ ఈరు దగ్గరికే వస్తాం.

తొట్టిలో సముద్రం

పగడం రాయి కాదు, మొక్క కూడా కాదు. అదొక జంతువు. ఇంకా సరిగా చెప్పాలంటే, వందలు వేలు చిన్న చిన్న జంతువులు కలిసి కట్టుకున్న కాలనీ. ఒక్కొక్క జీవిని పాలిప్ అంటారు. దానికి ఒక నోరు, నోటి చుట్టూ మెత్తని వేళ్ళలాంటి స్పర్శకాలు వుంటాయి. సముద్రపు నీటిలోని కాల్షియంను తీసుకుని అది తన కింద సున్నపురాయిలాంటి గట్టి గూడు కట్టుకుంటుంది. పాలిప్ శరీరంలో కంటికి కనబడనంత చిన్న శైవలాలు కాపురం వుంటాయి. అవి వెలుతురులో ఆహారం తయారుచేసుకుని, అందులో కొంత పగడానికి ఇస్తాయి. పగడాలకు వుండే గోధుమ వన్నె చాలావరకు ఈ శైవలాలదే.

అమెరికాలోనూ, యూరపులోనూ ఇళ్ళలో అద్దాల తొట్లు పెట్టి బతికివున్న పగడాలను పెంచే సరదా చాలామందికి వుంది. ఇది రంగు చేపలు పెంచినంత తేలిక కాదు. లీటరు నీటికి సుమారు 35 గ్రాముల లవణాలు వుండాలి. వేడి 25, 26 సెంటీగ్రేడు డిగ్రీల దగ్గర నిలకడగా వుండాలి. సూర్యుడికి బదులు ప్రకాశవంతమైన దీపాలు, అలలకు బదులు పంపులు కావాలి. ఇంత శ్రమపడి వాళ్ళు ముచ్చటగా పెంచుకునే పగడాల్లో ఆక్రోపొరా ఒకటి. దుప్పి కొమ్ముల్లా కొమ్మలు కొమ్మలుగా పెరుగుతుంది.

దొంగ ఎవరు?

ఉన్నట్టుండి ఒకరోజు ఆ ఆక్రోపొరా కొమ్మ కళ తప్పుతుంది. ఉప్పు సరిగానే వుంది. వేడి సరిగానే వుంది. దీపాలూ వెలుగుతున్నాయి. అయినా రంగు రోజురోజుకూ వెలిసిపోతుంది. భూతద్దంతో చూస్తే కొమ్మ మీద గుండ్రని చిన్న చిన్న పాలిపోయిన మచ్చలు! మొదలు దగ్గర మాంసం పోయి తెల్లటి అస్థిపంజరం బయటపడి వుంటుంది. ఎవరో కొరుక్కు తింటున్నారు. కాని తినేవాడు మాత్రం కనబడడు.

ఇప్పుడు ఆ కొమ్మను తొట్టిలోంచి తీసి, ఆ తొట్టి నీళ్ళే పోసిన గిన్నెలో పెట్టి, పిచికారీతో గట్టిగా నీళ్ళు చిమ్మితే ఏమవుతుందో తెలుసా? పలుచని రేకుల్లాంటివి కొన్ని కొమ్మ నుంచి ఊడి నీటిలో తేలతాయి. కాసేపటికి ఆ రేకులు కదలడం మొదలుపెడతాయి. అవే దొంగలు!

ఇది బల్లపరుపు పురుగుల జాతికి చెందినది. దీనికి ఊపిరితిత్తులు లేవు, మొప్పలు లేవు. ఒళ్ళంతా కాగితంలా పలుచన కాబట్టి నీటిలోని ఆక్సిజన్ చర్మం గుండానే లోపలికి చేరుతుంది. నోరు పొట్ట కింద వుంటుంది. విసర్జనకు వేరే ద్వారం లేదు. తిన్న నోటితోనే వ్యర్థాన్నీ బయటికి పంపుతుంది. ప్రతి పురుగులోనూ ఆడ అవయవాలు, మగ అవయవాలు రెండూ వుంటాయి.

ఇది కంటికి ఎందుకు ఆనదు? పగడాన్ని తిన్నప్పుడు అందులోని శైవలాలు కూడా పురుగు పొట్టలోకి పోతాయి. పొట్ట కొమ్మలు కొమ్మలుగా చీలి ఒళ్ళంతా పరచుకుని వుంటుంది. పైచర్మం పారదర్శకం. అందుచేత పగడం రంగే పురుగు రంగు అవుతుంది. ఇంటివాడి చొక్కా తొడుక్కుని ఆ ఇంట్లోనే తిరిగే దొంగను ఎలా పోల్చడం?

ఈ పురుగు కథలో ఒక విచిత్రం వుంది. సాధారణంగా ఒక జీవిని ముందు సముద్రంలోనో అడవిలోనో కనుక్కుంటారు, తర్వాత తొట్టికో బోనుకో తెస్తారు. దీని విషయంలో తలకిందులైంది. తొట్లలో దొరికిన పురుగులను పరిశీలించి 2011లో శాస్త్రజ్ఞులు దీనికి ఆమకూసాప్లానా ఆక్రోపొరే అని పేరు పెట్టారు. సముద్రంలో ఇది దొరికిందని మొదటిసారి 2012లో ప్రకటించారు. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌లో, లిజార్డ్ దీవి దగ్గర కనిపించింది. 2019లో దీన్ని ప్రోస్తియోస్టోమమ్ అనే ప్రజాతిలోకి మార్చారు. సముద్రంలో పురుగులను ఏరుకుతినే చేపలు, రొయ్యలు ఎన్నో వుంటాయి. తొట్టిలో ఆ కాపలా వుండదు. అందుకే అక్కడ అది అంతగా చెలరేగిపోతుంది.

మందు వేస్తే పోదా?

పోతుంది, సగం మాత్రమే పోతుంది.

పగడపు కొమ్మను వేరే గిన్నెలో మందు కలిపిన సముద్రపు నీటిలో కొన్ని నిమిషాలు ముంచుతారు. కొందరు అయోడిన్ ద్రావణం వాడతారు. మన ఊళ్ళల్లో గొర్రెలకూ మేకలకూ పట్టించే నట్టల మందు తెలుసుగా? అటువంటి మందుల్లో ఒకటైన లెవమిసోల్‌ను వాడినవారూ వున్నారు. మందు తగిలిన పురుగులు పట్టు తప్పి రాలిపోతాయి.

ఆ మందేదో తొట్టిలోనే పోస్తే సరిపోదా అనిపించవచ్చు. తొట్టిలో మంచి పురుగులు, రొయ్యలు, పీతలు ఎన్నో వుంటాయి. అవన్నీ చచ్చి కుళ్ళితే నీళ్ళు విషమవుతాయి. దొంగను పట్టబోయి ఇల్లు తగలబెట్టుకున్నట్టే!

సరే, కొమ్మను ముంచారు, పురుగులు రాలాయి, మళ్ళీ తొట్టిలో పెట్టారు. రెండు మూడు వారాలు గడిచాయి. మళ్ళీ మచ్చలు! ఎక్కడి నుంచి వచ్చాయి?

ఇక్కడే అమ్మ వెతికిన ఈరు గుర్తుకు రావాలి. ఈ పురుగు తాను కొరికి తినేసిన చోట, బోడి అస్థిపంజరం మీద, గోధుమరంగు చుక్కల్లాంటి గుడ్ల తిత్తులను వరుసగా అంటిస్తుంది. ఒక్కొక్క తిత్తిలో ఒకటి కాదు, కొన్ని పిల్లలు పెరుగుతాయి. తిత్తికి గట్టి గోడ వుంది. పురుగును రాల్చిన మందు ఆ గోడ దాటి లోపలికి పోలేదు.

రోజుల లెక్క

మందు గెలవని చోట లెక్క గెలుస్తుంది. 2011 నాటి పరిశీలనలో ఈ గుడ్లు పగలడానికి 21 రోజులు పట్టింది. నీరు వెచ్చగా వుంటే ఇంకా తొందరగా పగులుతాయి. పుట్టిన పిల్ల ఎదిగి తానూ గుడ్లు పెట్టడానికి మరికొన్ని వారాలు కావాలి.

ఇప్పుడు మీరే ఆలోచించండి. ఈ ఆదివారం కొమ్మను మందులో ముంచామనుకోండి. పురుగులన్నీ పోయాయి, గుడ్లు మిగిలాయి. నిన్న పెట్టిన గుడ్డు మూడు వారాలకు పగులుతుంది. ఇరవై రోజుల కిందట పెట్టిన గుడ్డు రేపే పగులుతుంది. అంటే మూడు వారాలపాటు రోజూ కొన్ని పిల్లలు పుడుతూనే వుంటాయి. రెండు నెలలు ఆగి ముంచితే లాభం లేదు. ఈలోగా వాటిలో కొన్ని పెద్దవై మళ్ళీ గుడ్లు పెట్టేస్తాయి. వారానికి ఒకసారి చొప్పున నాలుగైదు వారాలు ముంచితే, పుట్టిన ప్రతి పిల్లా గుడ్డు పెట్టే వయసు రాకముందే దొరికిపోతుంది.

కాబట్టి సూత్రం ఇది: రెండు ముంపుల మధ్య ఎడం, పిల్ల పెద్దదయ్యే కాలం కన్నా తక్కువ వుండాలి. మొత్తం ముంపుల కాలం, గుడ్డు పగిలే కాలం కన్నా ఎక్కువ వుండాలి.

దీనితోపాటు కంటికి కనబడిన గుడ్లను గీకేయాలి. గుడ్లు పట్టిన మోడును విరిచి పారేయాలి. మరి తొట్టిలోనే మిగిలిపోయిన పురుగుల సంగతి? ఇవి ఆక్రోపొరా తప్ప మరొకటి తిని బతకలేవు. అందువల్ల ఆక్రోపొరా కొమ్మలన్నిటినీ కొన్ని వారాలు వేరే తొట్టిలో వుంచితే, పాత తొట్టిలోని పురుగులు, తర్వాత గుడ్లలోంచి వచ్చిన పిల్లలు కూడా తిండి లేక చస్తాయి.

సముద్రంలోని కాపలాదారులను తొట్టిలోకి తెస్తే ఎలా వుంటుందో ఆస్ట్రేలియా పరిశోధకులు 2020లో ప్రకటించారు. ఆరు చారల రాస్ అనే చిన్న చేప పురుగులను ఏరుకు తిన్నది. లిస్మాటా జాతి రొయ్య గుడ్లను తిన్నది. అయితే ఇవి సాయం చేస్తాయేగాని, పని పూర్తిగా వీటికే వదిలేయడానికి లేదు.

అన్నిటికన్నా మంచి పద్ధతి దొంగను గడప దాటనివ్వకపోవడమే. కొత్తగా తెచ్చిన కొమ్మను తిన్నగా తొట్టిలో పెట్టకుండా, విడిగా వుంచి, నాలుగైదు వారాలు కనిపెట్టి చూడాలి. ఎందుకన్ని వారాలో మీకిప్పుడు తెలుసు.

మన సంగతి

మన దేశంలో మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షదీవులు, అండమాన్ దీవుల దగ్గర పగడపు దిబ్బలు వున్నాయి. దిబ్బలు కట్టే పగడాలకు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పులికి, ఏనుగుకు వున్నంత రక్షణ వుంది. అందుచేత సముద్రానికి వెళ్ళినప్పుడు పగడాలను చూసి ఆనందించండి; విరిచి ఇంటికి తేవద్దు.

అయితే ఈ లెక్కను ఇంట్లో వాడుకోవడానికి పగడాల తొట్టి అక్కరలేదు. డెంగీ జ్వరాన్ని మోసుకొచ్చే దోమ నీటి తొట్టి గోడకు, నీటి అంచుకు కాస్త పైన గుడ్లు అంటిస్తుంది. నీళ్ళు పారబోసినా గోడకు పట్టిన గుడ్లు చావవు. మళ్ళీ నీరు తగిలితే పగిలి, వారం పది రోజుల్లో దోమలై ఎగురుతాయి. వారానికి ఒకసారి నీళ్ళు పారబోసి, గోడలు పీచుతో రుద్ది కడగమని ఆరోగ్యశాఖవారు చెప్పేది అందుకే.

మరి, ఈ వారం మీ ఇంట్లో తొట్టి కడిగారా?