పట్టు – విడుపు

కర్నూలు జిల్లా పడమటి భాగమున ఆదోని, ఎమ్మిగనూరు అను రెండు పట్టణములు కలవు. ఆదోని ప్రత్తి వ్యాపారమునకును, కొండకోటకును పేరు పొందినది. ఎమ్మిగనూరు చేనేతకు ప్రసిద్ధము. 1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన నేతపనివారల సహకార సంఘము ఆ ఊరి పేరును దూరప్రాంతములకు చేర్చినది. అచట ఏటేట జనవరి ప్రాంతమున నీలకంఠేశ్వరస్వామి జాతర జరుగును. రథోత్సవమును, పశువుల సంతయు, ఎద్దుల బండలాగుడు పందెములును చూచుటకు చుట్టుపట్ల గ్రామముల జనులు తరలివత్తురు.

ఈ సీమలో జరుగు బండలాగుడు పందెములందు ఎద్దులన్నిటిని ఒక్క బండకే పూన్చరు. పాలపండ్లవి, రెండుపండ్లవి, నాలుగుపండ్లవి, ఆఱుపండ్లవి అని పండ్లను బట్టి వేఱుపఱచి, ఒక్కొక్క తరగతికి తగిన బరువుగల బండను నిర్ణయింతురు. కాలు బెణికి మూడు నెలలు కొట్టములో నిలిచిన ఎద్దును, అది ఎంత మేలుజాతిదైనను, తెలిసిన రైతు నేరుగా పెద్దబండకు కట్టడు. మొదట బండికి కట్టును. పిదప చిన్నబండకు కట్టి చూచును. అడుగు నిలుకడగా పడుచున్నదని నమ్మకము కుదిరిన పిమ్మటనే పందెమునకు తోలుకొని పోవును.

మనుష్యుల పోరాటములందును ఇట్టి చిన్నబండ యొకటి కలదు. గ్రుద్దులు, తన్నులు, పట్టులు మూడును చెల్లునట్టి పోరును మిశ్రయుద్ధ మందురు. అందు ఓడియో, గాయపడియో వెనుకకు తగ్గిన యోధుడు, మరల ఆ రంగమున కాలిడుటకు ముందు, గ్రుద్దులు లేని పట్టుల పోటీలలో దిగుట నేడు పలుదేశములందు కానవచ్చుచున్నది. ఈ పోటీలకు సబ్మిషన్ గ్రాప్లింగ్ అని పేరు. తెలుగున లొంగుబాటు కుస్తీ అనవచ్చును.

కుస్తీ ఈ సీమకు క్రొత్త కాదు. ఆదోని ప్రాంతము ఒకప్పుడు కల్యాణి చాళుక్యుల ఏలుబడిలో నుండెను. ఆ వంశపు రాజగు మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున ‘మానసోల్లాసము’ అను సంస్కృత గ్రంథమును రచించి, అందు మల్లుర ఆహారమును, సాధనను, పట్టులను వర్ణించెను. వయస్సును, బలమును బట్టి మల్లులను తరగతులుగా విభజించు పద్ధతియు ఆ గ్రంథమున కలదు. ఎద్దుల పండ్లు లెక్కించు రైతునకు ఈ మాట వింతగా తోచదు.

పిమ్మట ఈ సీమ విజయనగర రాజుల చేతిలోనికి వచ్చెను. 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, శ్రీకృష్ణదేవరాయలు తెల్లవారక మునుపే నువ్వులనూనె త్రాగి, ఒడలికి నూనె పట్టించుకొని, బరువులెత్తి, కత్తిసాము చేసి, తన మల్లులలో నొకనితో కుస్తీ పట్టుచుండెనని వ్రాసినాడు. మహానవమి ఉత్సవములందలి మల్లయుద్ధములను గూర్చియు అతడు వ్రాసెను. ఆ పోరులలో పడవేయుటయే గాక గ్రుద్దుటయు చెల్లుచుండెను. పండ్లు రాలుటయు, కన్నులు పోవుటయు, ముఖములు వికృతమగుటయు కద్దు. మాట పడిపోయిన మల్లులను మిత్రులు మోసికొని పోవుచుండిరట! రాజు ఉదయము ఆడిన కుస్తీ వేఱు, ఉత్సవమున మల్లులు ఆడిన కుస్తీ వేఱు అని దీనిని బట్టి ఊహింపవచ్చును. ప్రతిదినము పండ్లు రాలగొట్టుకొనుచు ఎవ్వడును సాధన చేయలేడు గదా!

ఆదోనికి అనతిదూరమున, హొళగుంద మండలములోని దేవరగట్టున, విజయదశమి రాత్రి మాళమల్లేశ్వరస్వామి ఉత్సవవిగ్రహములకై గ్రామములవారు కఱ్ఱలతో తలపడు ఆచారము నేటికిని ఉన్నది. ఏటేట పలువురు గాయపడుచున్నారు. అది భక్తితో కూడిన ఆచారము, క్రీడ కాదు. కావున అందు తరగతులు లేవు. ‘చాలు’ అన్నవానిని ప్రక్కకు తప్పించు న్యాయనిర్ణేత లేడు. లొంగుబాటు కుస్తీకి ఆయువుపట్టు సరిగా ఈ ‘చాలు’ అను మాటయే.

మన మట్టికుస్తీలో ప్రత్యర్థిని వెల్లకిల పడవేసి భుజములు నేలకు తాకించుట గెలుపు. లొంగుబాటు కుస్తీలో వెల్లకిల పడినంత మాత్రమున పోరు ముగియదు. నేలమీద పెనగులాట సాగుచునే యుండును. ప్రత్యర్థి కీలునైనను, కంఠమునైనను చిక్కించుకొని, అతనిచేతనే ఓటమి నొప్పించుట ఇందు గెలుపు.

కీలుపట్టు బలమెక్కువగుటచేత పనిచేయునది కాదు. తలుపు తన బందులమీద ఒకవైపునకే తెఱచుకొనును. రెండవవైపునకు త్రోసినచో బందులు ఊడును. మోచేయియు అట్టిదే. ప్రత్యర్థి చేతిని తన రెండు తొడల నడుమ బిగించి, మణికట్టును ఱొమ్మున కదుముకొని, నడుమును పైకెత్తినచో, ఒక చేతిమీద దేహబలమంతయు పడును. కంఠపుపట్టు వేఱొక తీరు. మెడకు ఇరుప్రక్కల మెదడునకు నెత్తురు కొనిపోవు నాళములు కలవు. ఆ రెండును ఒక్కమాఱే అణగినచో కొలది సెకనులలో స్మృతి తప్పును. విడిచిన వెంటనే సామాన్యముగా తెలివి వచ్చును, విడువకున్న ప్రాణాపాయము. ఇందుచేతనే గురువు కనుసన్నలలో తప్ప ఈ పట్టులను ఎవ్వరును పరీక్షింపరాదు.

పట్టు బిగిసినప్పుడు తప్పించుకొను దారి లేదని తోచినవాడు ప్రత్యర్థి దేహమునైనను, నేలనైనను రెండు మూడుమాఱులు అఱచేతితో తట్టును. తట్టిన క్షణముననే రెండవవాడు పట్టు విడువవలెను. విడువనివాడు తప్పు చేసినవాడగును. ఎముక విఱుగక ముందే జయాపజయములు తేలుటకు ఈ చిన్న సంజ్ఞయే ఆధారము.

ఈ సంజ్ఞ చేయుటకు మనసొప్పక కీలు పోగొట్టుకొన్న వీరులు లేకపోలేదు. సుప్రసిద్ధ మల్లుడు గామా పహిల్వాను తమ్ముడు ఇమాంబక్షు. అతని కుమారులలో నొకడు అక్రం. 1976 డిసెంబరులో కరాచీ నగరమున అక్రమునకును, జపాను మల్లుడు ఆంటోనియో ఇనోకీకిని పోరు జరిగెను. ఇనోకీ అతని చేతిని మెలిపెట్టి వెనుకకు త్రిప్పెను. అక్రం లొంగలేదు. తమ వంశ గౌరవము అతనికి చేతికంటె ఎక్కువయ్యెను. తుదకు చేయి చెడి, పోరు నిలుపవలసి వచ్చెను. అంతకు ముందు 1951లో బ్రజిల్ దేశపు రియో నగరమున జూడో వీరుడు కిమురా, హేలియో గ్రేసీ అను మల్లుని ఇట్టి మెలిపట్టుననే చిక్కించుకొన్నాడు. హేలియో తట్టలేదు, అతని అన్న కార్లోసు కల్పించుకొని తమ్ముని తరపున ఓటమి నొప్పుకొనెను. ఆ పట్టును నేటికిని కిమురా అని గెలిచినవాని పేరుననే పిలుచుచున్నారు. ఆనాడు అన్న చేసిన పనిని అక్రమునకు చేసిపెట్టువారు సకాలమున లేకపోయిరి.

ఈ విద్య బ్రజిలునకు జపాను నుండియే చేరినది. కానో జిగోరో 1882లో స్థాపించిన కోడోకాన్ జూడో పాఠశాలలో శిక్షణ పొందిన మాయెదా, 1914లో బ్రజిలు చేరి, కొంతకాలమునకు అచట కార్లోసు గ్రేసీకి ఈ విద్య నేర్పెను. 1993లో అమెరికాలో యు.ఎఫ్.సి. అను మిశ్రయుద్ధపు పోటీలు తొలిసారి జరిగినప్పుడు, ఆ వంశమునకు చెందిన రాయిస్ గ్రేసీ తనకంటె బరువైనవారిని పట్టులతో లొంగదీసి గెలిచెను. అప్పటినుండి మిశ్రయుద్ధ యోధులందఱకు నేలపట్టులు నేర్వక తప్పలేదు. 1998లో అబుదాబి రాజకుటుంబమునకు చెందిన షేక్ తహ్నూన్, గ్రుద్దులను నిషేధించి పట్టులకు మాత్రమే పరిమితమైన ఎ.డి.సి.సి. పోటీలను నెలకొల్పెను. కుస్తీ, జూడో, జుజుత్సు నేర్చినవారందఱును ఒకే నియమములకు లోబడి తలపడు వేదిక ఇట్లు ఏర్పడినది.

ఓడిన యోధునకు ఈ వేదిక ఏల పనికివచ్చును? తలమీద దెబ్బ తిని స్మృతి తప్పినవానిని వైద్యులు కొంతకాలము పోరునకు అనుమతింపరు. దేహము కోలుకొనినను మనస్సు వెంటనే కోలుకొనదు. సాధనశాలలో స్నేహితునితో పెనగులాడుట ఒకటి. ఎఱుగని ప్రత్యర్థితో, జనసమూహము నడుమ, గడియారము పరుగెత్తుచుండగా పెనగులాడుట వేఱొకటి. నియమితమైన బరువునకు దేహమును తెచ్చుకొనుట, పిలుపునకై వేచియుండు ఘడియలలో గుండెదడను అణచుకొనుట, అలసినప్పుడు శ్వాసను దాచుకొనుట — ఇవి యన్నియు లొంగుబాటు కుస్తీలో మరల అలవడును. తలమీద గ్రుద్దులు మాత్రము పడవు. పైగా ఒకే దినమున పలుమాఱులు పోరాడు అవకాశము కలుగును. మిశ్రయుద్ధమున ఓడినవాడు నెలల తరబడి మఱియొక పోరునకై ఎదురుచూడవలసి యుండును.

అమెరికా దేశపు జెఫ్ మాన్సన్ చరిత్ర ఇందుకు తగిన ఉదాహరణము. ఇతడు కళాశాలలో కుస్తీ నేర్చి, 1999లో ఎ.డి.సి.సి. పోటీలలో గెలిచి పేరు తెచ్చుకొనెను. పిమ్మట యు.ఎఫ్.సి.లో ప్రవేశించి, 2002లో ఓడి అచటినుండి తొలగెను. అంతటితో చేతులు ముడుచుకొని కూర్చుండక, చిన్న పోటీలలో పోరాడుచునే పట్టులకు పదును పెట్టుకొనెను. 2005లో ఎ.డి.సి.సి.లో 99 కిలోలకు పైబడినవారి తరగతిలో ప్రథముడయ్యెను. మఱుసటి యేడు ఫిబ్రవరిలో యు.ఎఫ్.సి.కి తిరిగివచ్చి వరుసగా మూడు పోరులు గెలిచెను. ఆ నవంబరులోనే బిరుదుకొఱకు టిమ్ సిల్వియాతో అయిదు ఆవృత్తులు పోరాడి ఓడెను. బిరుదు దక్కలేదు; కాని, నాలుగేండ్ల క్రిందట వెలుపలికి పోయినవాడు బిరుదు వాకిటివఱకు తిరిగి నడిచి వచ్చినాడు.

తెలుగునాట ముష్టియుద్ధమున ఇట్టి పునరాగమనము ఒకటి కలదు. నిజామాబాదునకు చెందిన నిఖత్ జరీన్ భుజపుకీలు 2017లో జాఱి, ఏడాదిపాటు ఆమె పోటీలకు దూరము కావలసి వచ్చెను. 2018లో బెల్‌గ్రేడు నగరమున జరిగిన అంతర్జాతీయ పోటీలో ఆమె స్వర్ణపతకముతో మరల కానవచ్చెను. అది ప్రపంచ పోటీ కాదు, చిన్నబండ వంటిది. 2022లో ఇస్తాంబులునందును, 2023లో ఢిల్లీయందును ప్రపంచ విజేతగా నిలిచినది ఆమెయే. ముష్టియుద్ధమున తట్టి లొంగు సంజ్ఞ లేదు. కాని, మెట్టు వెంబడి మెట్టుగా మరల పైకెక్కు దారి ఒక్కటే.

పట్టుల పోటీ అపాయము లేనిదని మాత్రము తలపరాదు. మడమను చిక్కించుకొని మెలిపెట్టు పట్టులో నొప్పి తెలియుటకు ముందే మోకాలి బంధనములు తెగవచ్చును. అందుచే అనేక పోటీలలో క్రొత్తవారికి దానిని నిషేధించినారు. మోకాలి గాయమునుండి కోలుకొనుచున్నవాడు వైద్యుని అనుమతి లేక ఈ పోటీలలో దిగినచో, చిన్నబండయే పెద్దబండ యగును.

నేడు ప్రపంచ కుస్తీ సమాఖ్య గ్రాప్లింగును తన శాఖలలో చేర్చుకొన్నది. 2018లో జకార్తాయందు జరిగిన ఆసియా క్రీడలలో జుజుత్సునకు తొలిసారి చోటు దక్కినది. ఎఱ్ఱమట్టి గోదాలో కుస్తీ నేర్చిన యువకుడు ఈ పోటీలకు పోయినచో అతనికి పడవేయు నేర్పు ముందే యుండును. ఆ మేరకు అతడు అదృష్టవంతుడు. కాని, ఒక అలవాటును అతడు మానుకొనవలెను. కుస్తీలో భుజములు నేలకు తాకకుండుటకై మల్లుడు వెంటనే బోరగిల తిరుగును. లొంగుబాటు కుస్తీలో అట్లు తిరిగినవాని వీపు ప్రత్యర్థి వశమగును. వెనుకనుండి వచ్చు చేతికి మెడ చిక్కును. కావున వెల్లకిల నుండియే కాళ్ళతో ప్రత్యర్థిని అడ్డగించుట అతడు క్రొత్తగా నేర్వవలెను.

అంతకంటె ముందు నేర్పు పాఠము తట్టుట. చేతులు రెండును చిక్కినప్పుడు కాలితో నేలను తట్టవచ్చును. కాళ్ళును కదలనప్పుడు నోటితో చెప్పినను చెల్లును. నొప్పికి వెలువడిన కేకను సైతము న్యాయనిర్ణేత లొంగుబాటుగానే లెక్కించి పోరు నిలుపును.